టిఫిన్ ట్రక్కులో రెండు సిలిండర్లు: బిగింపు నుంచి మార్పిడి దాకా

గ్యాస్ ఎప్పుడూ రష్ టైమ్‌లోనే అయిపోతుంది. ఇందులో మన దురదృష్టమేమీ లేదు. పొయ్యిలన్నీ ఫుల్లుగా మండేది అప్పుడే కాబట్టి సిలిండర్ అడుగంటేదీ అప్పుడే. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పొద్దున ఎనిమిదిన్నరకు దోసె పెనం చల్లబడితే ఆ రోజు బేరం సగం పోయినట్టే. అందుకే ఫుడ్ ట్రక్కు కట్టించుకునేవాళ్లు దాదాపు అందరూ రెండు సిలిండర్లకు చోటు పెట్టించుకుంటారు. పెట్టించుకున్నాక చాలామంది రెండిటినీ ఒకేసారి తెరిచి ఉంచుతారు. రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి. అప్పుడు రెండున్నా ఒకటున్నా ఒకటే.

రెండో సిలిండర్ మనకిచ్చేది గడువు. మొదటిది అయిపోయాక కొత్తది తెప్పించుకోవడానికి దొరికే ఆ ఒకటి రెండు రోజులు. కేజ్ (సిలిండర్లు పెట్టే బాక్సు) ఎక్కడ పెట్టాలి, పైపు ఎలా లాగాలి, ఎప్పుడు బుక్ చేయాలి అన్నవన్నీ ఆ గడువు చేజారకుండా, ఎవరికీ ఒళ్లు కాలకుండా చూసుకోవడానికే.

ముందు ఏ సిలిండర్ అన్నది తేల్చుకోండి

వ్యాపారానికి నీలం రంగు 19 కిలోల కమర్షియల్ సిలిండరే. ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండర్ బండి మీద కనబడితే పౌర సరఫరాల శాఖ వాళ్లు పట్టుకుపోతారు, కేసు కూడా పెడతారు. 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు ప్రకారం ఇంటి గ్యాస్‌ను వ్యాపారానికి వాడటం నేరం. ఏజెన్సీలో కమర్షియల్ కనెక్షన్ తీసుకుని, మొదట్లోనే రెండు సిలిండర్లకు డిపాజిట్ కట్టేయండి. ఒకదానికే కట్టి, రెండోది తెలిసినవాళ్ల దగ్గర సర్దుకుందాం అనుకుంటే, మీకు అవసరమైన రోజే వాళ్లకూ అవసరమవుతుంది.

కమర్షియల్ ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. పెరుగుతుందని గట్టిగా వినబడుతుంటే ముందే బుక్ చేసుకోవచ్చు గానీ, ఆ నాలుగు రూపాయల కోసం మూడో సిలిండర్ తెచ్చి ట్రక్కులో పెట్టకండి. లైసెన్స్ లేకుండా 100 కిలోల వరకు ఎల్పీజీ నిల్వ ఉంచుకోవచ్చని గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చెబుతున్నాయి. అది గోడలూ గాలీ ఉన్న చోటు మాట. పది అడుగుల బండిలో పొయ్యి పక్కన 38 కిలోలే ఎక్కువ.

పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానికి గ్యాస్ ఎక్కించే షాపులు ఊళ్లో ఇంకా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. అక్కడ ఎంత నింపాలో తూచి నింపేవాడు ఉండడు. సిలిండర్‌లో ద్రవం వేడికి ఉబ్బడానికి పైన కొంత ఖాళీ ఉండి తీరాలి. మూతిదాకా నింపిన సిలిండర్ మే నెల ఎండలో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

కేజ్ ఎక్కడ పెట్టాలి

ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది. గాలిలో 2 శాతం కలిసినా చాలు, నిప్పు అంటుకుంటుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. ఈ మూడు సంగతులు బుర్రలో ఉంటే కేజ్ ఎక్కడ పెట్టాలో వేరే చెప్పనక్కర్లేదు.

సిలిండర్లు వంట చేసే క్యాబిన్ లోపల ఉండకూడదు. పక్కనుంచి గానీ వెనక నుంచి గానీ, బయటికి తెరుచుకునే విడి బాక్సులో ఉండాలి. ఆ బాక్సుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు పూర్తిగా మూసి ఉండాలి. పైపు దూరే చిల్లు దగ్గర కూడా రబ్బరు గ్రామెట్ (చిల్లు అంచుకు తొడిగే రింగు) వేసి సందు లేకుండా చేయించండి. బాక్సు అడుగున గాలి పోయే చిల్లులు పెట్టించండి. బాలానగర్ వైపు ఫ్యాబ్రికేషన్ షాపులకు బండి ఇస్తే, అందంగా ఉంటుందని పైన జాలీ పెట్టి అడుగు రేకుతో బిగించేసే అవకాశం ఉంది. దగ్గరుండి చెప్పాలి: "అన్నా, జాలీ కిందుండాలె, పైన లేకున్నా నడుస్తది."

వెనక బంపర్‌కు ఆనుకుని మాత్రం వద్దు. సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఎవడో తగిలించడం మన ఊళ్లో రోజూ జరిగేదే, ఆ దెబ్బ సిలిండర్ మీద పడకూడదు. సైలెన్సర్ పైపు, బ్యాటరీ, జెనరేటర్ మూడూ కేజ్‌కు అవతలి వైపు ఉండాలి. జెనరేటర్ విషయంలో చాలామంది సర్దుకుపోతారు, చోటు లేదని పక్కపక్కనే పెట్టేస్తారు. అక్కడ మాత్రం సర్దుకోవద్దు. చోటు లేకపోతే కౌంటర్ ఒక అడుగు తగ్గించుకోండి.

సిలిండర్ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. పడుకోబెడితే గ్యాస్‌కు బదులు ద్రవం రెగ్యులేటర్‌లోకి, అక్కడి నుంచి బర్నర్‌లోకి వస్తుంది, మంట ఒక్కసారి నిలువెత్తు లేస్తుంది. ఒక్కో సిలిండర్‌కు పైన ఒకటి, నడుము దగ్గర ఒకటి చొప్పున రెండు పట్టీలు వేయించండి. అడుగున గుండ్రటి రింగు వెల్డింగ్ చేయిస్తే జరగదు. ఒక్క తాడుతో రెండిటినీ కలిపి కట్టడం కట్టడం కాదు. స్పీడ్ బ్రేకర్ మీద ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

ఇక పర్మిషన్ల సంగతి. బండి బాడీ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఏ అనుమతి కావాలి. గ్యాస్ కేజ్ కూడా ఆ డ్రాయింగ్‌లోనే చూపించండి. తర్వాత వెల్డింగ్ చేయించుకుందాం అనుకుంటే, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

పైపులు, ఆ చిన్న వాల్వ్

రెండు సిలిండర్ల నుంచి రెండు చిన్న పైపులు వచ్చి ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి రెగ్యులేటర్, ఆ తర్వాత క్యాబిన్‌లోకి ఒకే లైను. చూడటానికి ఇంతే. అసలు సంగతంతా ఆ కలిసే చోట ఉంది.

రెండు పైపులూ కలిసే చోటికి ముందు, ఒక్కోదానిలో ఒక నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. అంటే సిలిండర్ నుంచి లైనులోకి గ్యాస్ వస్తుంది, లైనులోంచి వెనక్కి పోదు. వేలెడంత ఇత్తడి ముక్క. ఇది లేకపోతే రెండు ప్రమాదాలు. మొదటిది మార్చేటప్పుడు: ఖాళీ సిలిండర్ విప్పగానే, నడుస్తున్న సిలిండర్ గ్యాస్ ఆ ఖాళీ పైపు మూతిలోంచి బుస్సున బయటికి వస్తుంది. పక్కనే పొయ్యి మండుతూ ఉంటుంది. రెండోది కంటికి కనబడదు. రెండు సిలిండర్లూ తెరిచి ఉండి, ఒకదాని మీద ఎండ పడుతూ ఇంకోటి నీడలో ఉంటే, వేడి సిలిండర్‌లో ప్రెషర్ ఎక్కువ కాబట్టి అందులోంచి గ్యాస్ చల్లటిదానిలోకి పోయి అక్కడ మళ్లీ ద్రవం అవుతుంది. అప్పటికే నిండుగా ఉన్న సిలిండర్ ఇంకా నిండుతుంది. మీరు రిజర్వులో ఉందనుకున్నది అటూ ఇటూ అవుతుంది, పైగా అతిగా నిండిన సిలిండర్ తయారవుతుంది.

రాణిగంజ్‌లో ఫిట్టింగ్స్ కొంటున్నప్పుడు నాన్ రిటర్న్ వాల్వ్ ఉన్న పైపు కావాలని నోరు తెరిచి అడగండి. ఫిట్టర్ "అవసరం లేదు సార్, అందరం ఇట్లనే వేస్తం" అంటాడు. వేయించుకోండి.

కలిసే చోటి దాకా పైపులో ఉండేది సిలిండర్ పూర్తి ప్రెషర్, అంటే రెగ్యులేటర్ దాటాక ఉండేదానికి ఎన్నో రెట్లు. ఇంటి స్టవ్‌కు వాడే రబ్బరు పైపు అక్కడ పనికిరాదు. హై ప్రెషర్‌కు చేసిన, స్టీలు అల్లిక ఉన్న పైపే వేయాలి. క్యాబిన్‌లోకి పోయే లైను గట్టి లోహపు పైపు అయ్యుండాలి. ప్రతి అడుగున్నరకు ఒక క్లాంపు వేయించండి. బండి వైబ్రేషన్‌కు వదులుగా ఉన్న పైపు రేకు అంచుకు రాసుకుని అరిగిపోతుంది. చివర్న పొయ్యికి కలిపే చోట మాత్రం కొద్దిగా మెత్తటి పైపు ఉండాలి, అది ఐఎస్ఐ మార్కు ఉన్న నారింజ రంగు సురక్షా పైపు అయితే మేలు. దానిమీద ముద్రించిన తేదీ చూసుకుని ఐదేళ్లకు మార్చేయండి. పెనం పక్కన ఉండే పైపు ఐదేళ్లు ఆగదు, ఏడాదికోసారి వంచి చూడండి. పగుళ్లు కనబడితే తేదీ చూడక్కర్లేదు.

రెగ్యులేటర్ మీ పొయ్యిని బట్టి. ఇంటి స్టవ్ రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. దానితో సాంబారు గుండిగ కింద భట్టీ మండదు. భట్టీకి హై ప్రెషర్ రెగ్యులేటర్ కావాలి. అదే రెగ్యులేటర్‌ను తీసుకెళ్లి లో ప్రెషర్ దోసె ప్లేటుకు తగిలిస్తే మంట బర్నర్ మీద నిలవదు, ఎగిరిపోతుంది. రెండు రకాల పొయ్యిలూ ఉంటే లైను రెండుగా చీలిన తర్వాత దోసె ప్లేటు వైపు ఇంకో లో ప్రెషర్ రెగ్యులేటర్ వేయించాలి.

రెగ్యులేటర్‌కు ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం ఉంటుంది. అది నేల వైపు ఉండాలి. పైకి ఉంటే వానాకాలంలో నీళ్లు చేరతాయి, బండి నాలుగు రోజులు ఆపితే కందిరీగ మట్టి పెడుతుంది. రంధ్రం మూసుకుపోతే ప్రెషర్ అదుపు తప్పుతుంది. చాలామంది జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే చిన్న మూతి) మార్చి, బర్నర్ మార్చి, చివరికి మాస్టర్‌ను కూడా మార్చాక ఆ రంధ్రం వైపు చూస్తారు.

చేత్తో తిప్పాలా, దానంతటదే మారాలా

అమెరికాలో కారు వెనక లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్లకు ముందు కొన మీద రెండు ప్రొపేన్ ట్యాంకులు ఉంటాయి. వాటి మధ్య ఆటో చేంజోవర్ రెగ్యులేటర్ ఉంటుంది. ఒక చిన్న మీట ఏ ట్యాంకు వైపు తిప్పితే అది మొదట ఖర్చవుతుంది. అది అయిపోగానే రెండోది దానంతటదే అందుకుంటుంది, మంట ఆరదు. మొదటిది అయిపోయిందనడానికి గుర్తుగా చిన్న కిటికీలో పచ్చ రంగు పోయి ఎరుపు కనబడుతుంది. ఇలాంటివి మన దగ్గరా దొరుకుతున్నాయి. అక్కడున్న పిల్లలతో తెప్పించుకోవద్దు. వాళ్ల ట్యాంకు మూతి మరలు వేరు, మన సిలిండర్ వాల్వ్‌కు పట్టవు. పైగా అది ఇచ్చే ప్రెషర్ ఇంటి స్టవ్‌కు సరిపోయేంతే, భట్టీకి చాలదు. ఇక్కడే, మీ పొయ్యి ప్రెషర్‌కు తగ్గది, ఐఎస్ఐ మార్కుతో కొనండి.

ఆటో చేంజోవర్ సుఖంగానే ఉంటుంది, కానీ సిలిండర్ ఖాళీ అయిన సంగతిని మీకు తెలియనివ్వదు. మంట ఆరలేదు కాబట్టి ఎవరూ కిటికీ చూడరు. రెండు రోజులకు రిజర్వు కూడా అయిపోతుంది, ఈసారి అందుకోవడానికి ఏదీ ఉండదు. నా మటుకు, ముగ్గురు నలుగురు పనిచేసే ట్రక్కులో చేత్తో తిప్పే రెండు వాల్వులే మంచివి. మంట తగ్గుతుంది, "అన్నా, మంట సన్నగైంది" అని కుర్రాడు అరుస్తాడు, మాస్టర్ "రెండోది తిప్పరా" అంటాడు, అర నిమిషంలో పని అయిపోతుంది, సిలిండర్ అయిపోయిందని బండిలో అందరికీ తెలుస్తుంది. ఒక్కరే నడిపే బండి అయితే ఆటో చేంజోవర్ పెట్టుకోండి, పొద్దున షట్టర్ ఎత్తగానే కిటికీ చూడటం అలవాటు చేసుకోండి.

ఏదైనా సరే, మార్పు జరిగిన నిమిషంలోనే కొత్త సిలిండర్ బుక్ చేయాలి. సాయంత్రం చేద్దాం అనుకుంటే మర్చిపోతారు.

సిలిండర్ దింపించుకునేటప్పుడు

డెలివరీ అతను తొందరలో ఉంటాడు. ఉండనివ్వండి. సీలు చూడండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ పట్టీ మీదే గుద్ది ఉంటుంది. ఉదాహరణకు 17.6 అని ఉంటే, నిండు సిలిండర్ 36.6 కిలోలు తూగాలి. తూకం వేయమని అడగడం మీ హక్కు, వేయడం వాళ్ల బాధ్యత.

మెడ పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది తర్వాతి టెస్ట్ గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ ఏప్రిల్ నుంచి జూన్, సీ జులై నుంచి సెప్టెంబర్, డీ అక్టోబర్ నుంచి డిసెంబర్. సీ-27 అని ఉంటే 2027 సెప్టెంబర్ దాకా పర్లేదు. గడువు దాటింది వస్తే అక్కడే వెనక్కి పంపండి. సీలు తీశాక వాల్వ్ లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో వేలితో కాదు, టార్చ్ వేసి చూడండి. వాషర్ లేని సిలిండర్‌ను ఎంత బిగించినా లీకవుతూనే ఉంటుంది.

ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది

లైనులో ప్రెషర్ గేజ్ పెట్టించుకుని దాని ముల్లు చూసి గ్యాస్ ఎంత ఉందో చెప్పేవాళ్లున్నారు. ముల్లు ఆ సంగతి చెప్పదు. సిలిండర్‌లో చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ వాతావరణం వేడిని బట్టి ఉంటుంది, ద్రవం ఎంత ఉందన్న దాన్నిబట్టి కాదు. నిండు సిలిండరూ పావు సిలిండరూ మధ్యాహ్నం దాదాపు ఒకే ప్రెషర్ చూపిస్తాయి. ముల్లు పడిపోయే సరికి గ్యాస్ కూడా అయిపోయి ఉంటుంది.

తడి గుడ్డ చిట్కా మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. సిలిండర్‌ను తడి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. ఖాళీ భాగం తొందరగా ఆరుతుంది, ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. ఆ గీత స్పష్టంగా కనబడుతుంది. కాస్త గోరువెచ్చటి నీళ్లు ఒక పక్క పోసి చేత్తో తడిమి చూసినా అంతే, ద్రవం ఉన్న చోట చల్లగా తగులుతుంది.

లెక్క కావాలంటే మాత్రం కాటానే. కేజ్ పై కడ్డీకి వేలాడే కాటా ఒకటి తగిలించుకోండి. వారం రోజులు రాత్రి బండి కట్టేశాక, పైపు విప్పి సిలిండర్ తూచి నోటుబుక్కులో రాయండి. రోజుకు సగటున 6 కిలోలు తగ్గుతోందనుకుంటే, 19 కిలోల సిలిండర్ మూడు రోజులు వస్తుంది. మీ ఏజెన్సీ బుక్ చేసిన మర్నాడు తెచ్చిస్తే రిజర్వులో రెండు రోజుల వెసులుబాటు ఉన్నట్టు. పండగలప్పుడు డెలివరీ రెండు రోజులు ఆలస్యమైతే ఆ వెసులుబాటు పోతుంది. అప్పుడు మొదటి సిలిండర్ అయిపోయేదాకా ఆగకుండా ముందే బుక్ చేయాలి. శని, ఆదివారాల లెక్క వేరే రాసుకోండి, ఐటీ కారిడార్‌లో ఆ రెండు రోజులు టిఫిన్ బేరం పూర్తిగా వేరు.

మార్చే పద్ధతి

మాన్యువల్ ఏర్పాటుకు రాస్తున్నాను. ఎడమది నడుస్తోంది, కుడిది రిజర్వు అనుకోండి.

1. మంట సన్నబడగానే పొయ్యిల నాబ్‌లన్నీ కట్టేయండి. ఇది దాటవేయొద్దు. నాబ్ తెరిచి ఉండగా గ్యాస్ మళ్లీ వస్తే మంట లేకుండా గ్యాస్ క్యాబిన్‌లో నిండుతుంది.
2. ఎడమ సిలిండర్ వాల్వ్, లైనులో దాని వాల్వ్ రెండూ కట్టేయండి. ఖాళీ అయింది కదా అని వదిలేయకండి.
3. కుడి సిలిండర్ వాల్వ్ మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తిప్పేస్తే, అధిక ప్రవాహాన్ని ఆపే భద్రతా పరికరం ఉన్న రెగ్యులేటర్లు లీకైందనుకుని బిగుసుకుంటాయి, మంట సన్నగానే ఉంటుంది. అలా జరిగితే కట్టేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ నెమ్మదిగా తెరవండి.
4. పొయ్యిలు ఒక్కొక్కటీ వెలిగించండి. బేరం నడవనివ్వండి.
5. ఖాళీ సిలిండర్ అప్పుడే విప్పకండి. రష్ తగ్గాక, పొయ్యిలన్నీ ఆరాక విప్పి, మూత బిగించి, బయటపెట్టండి. ఖాళీ సిలిండర్‌లోనూ కొంత గ్యాస్ ఉంటుంది.
6. కొత్తది ఎడమ వైపు బిగించాక సబ్బు నీళ్లు రాయండి. నురగ బుడగలు కడితే లీకు. అగ్గిపుల్లతో చూడటం అనే పద్ధతి ఇంకా కొందరికి ఉంది, వాళ్లను ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి.
7. కొత్త సిలిండర్ మీద సుద్దముక్కతో తేదీ రాయండి. ఇక అది రిజర్వు. కుడిది అయిపోయేదాకా దాని వాల్వ్ ముట్టకూడదు.

ఆటో చేంజోవర్ అయితే విప్పే ముందు మీటను నిండు సిలిండర్ వైపు తిప్పాలి, కిటికీలో పచ్చ వచ్చాకే ఖాళీది విప్పాలి. మిగతాదంతా ఒకటే.

గేజ్ గ్యాస్ ఎంతుందో చెప్పదన్నాను గానీ, లీకు పట్టడంలో దాన్ని మించింది లేదు. వారానికోసారి పొయ్యిలన్నీ కట్టేసి, సిలిండర్ తెరిచి, ముల్లు నిలబడ్డాక సిలిండర్ కట్టేయండి. పది నిమిషాలు టీ తాగి రండి. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. సబ్బు నీళ్లు తీసుకుని జాయింట్ జాయింట్‌కూ తిరగండి. మెట్రో పిల్లర్ల కింద గుంతల రోడ్లలో తిరిగే బండికి జాయింట్లు వదులవడం మామూలే.

డిసెంబర్, జనవరి పొద్దులు

తెల్లవారుజామున ఐదింటికి ఇడ్లీ పాత్ర, సాంబారు, చట్నీ పోపు అన్నీ ఒకేసారి. సిలిండర్ సగం ఉంది, మంట మాత్రం నీరసంగా ఉంది. చేయి పెట్టి చూస్తే సిలిండర్ అడుగు చల్లగా, చెమట పట్టి ఉంటుంది, ఒక్కోసారి తెల్లటి మంచు కూడా కడుతుంది. గ్యాస్ లేక కాదు. ద్రవం గ్యాస్‌గా మారడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ గోడల నుంచి లాక్కుంటుంది. మీరు లాగే వేగానికి గోడలు వేడి అందించలేకపోతే సిలిండర్ చల్లబడి ప్రెషర్ పడిపోతుంది.

మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, బ్యూటేన్‌కు దాదాపు సున్నా డిగ్రీలు కావాలి. కాబట్టి ప్రొపేన్ ముందుగా ఖర్చవుతుంది, అడుగున బ్యూటేన్ ఎక్కువగా మిగులుతుంది. చలి రోజుల్లో సిలిండర్ చివరి పావు భాగం ఎందుకు ఏడిపిస్తుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

అలాంటప్పుడు కొందరు సిలిండర్‌ను పడుకోబెడతారు, కొందరు మరిగే నీళ్లు పోస్తారు, ఇంకొందరు కింద కాగితాలు ముట్టిస్తారు. మూడూ ప్రాణాంతకమే. నాన్ రిటర్న్ వాల్వులు ఉంటే, ఆ గంట సేపు మాత్రం రెండు సిలిండర్లూ తెరవండి. భారం రెండు గోడల మీద పడుతుంది, మంట నిలబడుతుంది. రెండూ ఒకేసారి తెరవడానికి నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. ఎండ రాగానే రిజర్వు కట్టేయండి. ఇది ప్రతి పొద్దునా అవసరమవుతోందంటే మీ పొయ్యిలకు సిలిండర్ చాలడం లేదని అర్థం, ఒక భట్టీ తగ్గించండి.

బండి కదిలే ముందు, రాత్రి ఆపాక

కదిలే ముందు రెండు సిలిండర్ల వాల్వులూ కట్టేసి ఉండాలి. "పక్క సందులోకే కదా" అన్నా సరే. దారిలో పైపు తెగితే ఆపేవాడు ఉండడు. పెట్రోల్ బంకులోకి పోయే ముందు మళ్లీ ఒకసారి చూడండి.

రాత్రి బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టకండి. లీకైన గ్యాస్ పల్లంలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. సెల్లార్ అంటేనే పల్లం, అక్కడే స్కూటర్లు, మీటర్ బోర్డులు, లిఫ్ట్ మోటార్లు. అద్దెకు పార్కింగ్ చూసుకుంటే పైన తెరుచుకున్న చోటే చూసుకోండి. అమ్మకానికి ఆపే చోట కూడా కేజ్ వైపు మ్యాన్‌హోల్ గానీ తెరిచిన కాలువ గానీ లేకుండా చూసుకోండి.

వాసన వస్తే, మంట అంటుకుంటే

వాసన రాగానే సిలిండర్ వాల్వ్. తర్వాతే ఏదైనా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలని చేయి పోతుంది, ఆపుకోండి. స్విచ్‌లో వచ్చే నిప్పురవ్వ చాలు, పైగా పైనున్న ఫ్యాన్ కిందున్న గ్యాస్‌ను లాగలేదు. వెలుగుతున్న లైట్లు కూడా ఆర్పొద్దు. ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. తలుపులు తీసి, కస్టమర్లను దూరంగా పంపి, దూరం వెళ్లాకే ఫోన్ తీయండి. గ్యాస్ లీకు ఫిర్యాదుకు 1906, మంట అయితే 101 లేదా 112. క్యాబిన్‌లో చీలమండ ఎత్తులో గ్యాస్ అలారం ఒకటి పెట్టుకోండి. సీలింగ్‌కు బిగించే పొగ అలారం లాంటిది ఇక్కడ పనికిరాదు.

కౌంటర్ దగ్గర, తలుపు పక్కన, చేతికందేలా 6 కిలోల ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. కేజ్ పక్కన కాదు, అక్కడే మంట ఉంటే తీసుకోలేరు. సిలిండర్ మూతి దగ్గర మంట అంటుకుని వాల్వ్ కట్టే వీలుంటే తడి గోనెసంచి చేతికి చుట్టుకుని వాల్వ్ కట్టేయండి, మంట దానంతటదే ఆరుతుంది. వాల్వ్ కట్టే వీలు లేకపోతే మంటను ఆర్పే ప్రయత్నం చేయకండి. మంట ఆరి గ్యాస్ వస్తూనే ఉంటే అది చుట్టూ పరుచుకుని మళ్లీ అంటుకుంటుంది, రెండోసారి చాలా పెద్దగా. జనాన్ని తీసుకుని దూరం వెళ్లిపోండి, ఫైర్ వాళ్లు చూసుకుంటారు. ట్రక్కు మళ్లీ కట్టించుకోవచ్చు.

కారవాన్ వాళ్లకు రెండు ముక్కలు

టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్చుకుని అనంతగిరి, నాగార్జునసాగర్, అరకు తిరిగే కుటుంబాలకు 19 కిలోలు అక్కర్లేదు. 5 కిలోల సిలిండర్లు రెండు చాలు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలా పెట్రోల్ బంకుల్లోనే దొరుకుతాయి, అడ్రస్ రుజువు అడగరు. ఫైబర్‌తో చేసిన కాంపోజిట్ సిలిండర్ అయితే ఇంకా తేలిక, వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ద్రవం గీత కనబడుతుంది, తడి గుడ్డ పని ఉండదు. కేజ్, పట్టీలు, అడుగు చిల్లులు, కదిలే ముందు వాల్వులు కట్టడం, పైన చెప్పినవన్నీ వీటికీ వర్తిస్తాయి.

లంబసింగికి చలికాలం వెళ్తుంటే మాత్రం అడుగంటిన సిలిండర్‌తో బయల్దేరకండి. అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దాకా దిగిన రోజులున్నాయి, మిగిలిన బ్యూటేన్ కదలనే కదలదు. ఆ అడుగంటిన సిలిండర్‌ను హైదరాబాద్‌లోనే ఖర్చుపెట్టేసి, రెండు నిండు సిలిండర్లతో వెళ్లండి. ఎంత చలేసినా సరే, వాహనం మూసుకుని పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకోవద్దు. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. ఇంకో రగ్గు తీసుకెళ్లండి.